కిటికీ పక్కన పెట్టినా సక్యులెంట్ ఎందుకు సాగిపోతుంది?

ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే దళసరి మొక్కల్ని సక్యులెంట్లు అంటారు. వాటిలో ఒకటైన ఎచెవేరియా నర్సరీలో కొన్నప్పుడు అరచేతిలో పట్టే తామరపువ్వులా ఉంటుంది. హాల్లో టీపాయ్ మీద రెండు నెలలు ఉంచాక చూస్తే అదే మొక్కేనా అనిపిస్తుంది. ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరిగి లేతాకుపచ్చ కాండం బయటపడుతుంది. కింది ఆకులు వాలిపోతాయి, అంచుల్లోని గులాబీ రంగు పోతుంది, మొక్క మొత్తం కిటికీ వైపు ఒరుగుతుంది. ఎందుకిలా అని అడిగితే ఒకరు "ఎండ చాల్లేదు, రోజుకు ఆరు గంటలు కావాలి" అంటారు. ఆ మాట విని మే నెలలో డాబా మీద పెడితే మూడు రోజుల్లో ఆకుల మీద తెల్లటి మచ్చలు. అప్పుడు ఇంకొకరు వచ్చి "డైరెక్ట్ ఎండ పెట్టకూడదండీ, బ్రైట్ ఇన్‌డైరెక్ట్ లైట్ చాలు" అంటారు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఏ మొక్క, ఏ ఊరి ఎండ, ఏ నెల అన్నవి వదిలేసి గంటల లెక్క ఒక్కటే చెప్పడంతోనే చిక్కంతా వస్తోంది. ఈ మూడూ కలిపి చూస్తే ఆ రెండు సలహాలకీ మధ్య పెద్ద తగాదా ఉండదు.

కంటికి కనిపించే వెలుతురు, మొక్కకు అందే వెలుతురు

సూర్యుడి కిరణం నేరుగా ఆకు మీద పడితే అది డైరెక్ట్ ఎండ. ఆకాశం నుంచో, ఎదురింటి గోడ నుంచో చెదిరి వచ్చేది ఇన్‌డైరెక్ట్ వెలుతురు. ఎంత వెలుగు పడుతోందో చెప్పడానికి లక్స్ అనే కొలత వాడతారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిండు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట 10,000 లక్స్ దాకా ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ అంచున మామూలుగా 2,000 నుంచి 5,000. అదే గదిలో కిటికీకి రెండు మీటర్లు లోపలికి వస్తే కొన్ని వందలు. రాత్రి ట్యూబ్‌లైట్ వేసిన హాల్లో 100 నుంచి 200.

ఈ అంకెలు చాలామంది నమ్మరు. పగలు హాల్లో కూర్చుని పేపరు చదువుకోగలుగుతున్నాం కదా, వెలుతురు బాగానే ఉందిగా అంటారు. మన కన్ను అలా సర్దుకుంటుంది. డాబా మీద నుంచి హాల్లోకి వచ్చిన నిమిషంలోపే మనకు గది మామూలుగా కనిపిస్తుంది, అక్కడ వెలుతురు కొన్ని వందల రెట్లు తగ్గిందని అసలు తెలియదు. ఆకుకు ఆ సౌకర్యం లేదు.

కిటికీ నుంచి లోపలికి వచ్చేకొద్దీ వెలుతురు ఇంత వేగంగా పడిపోవడానికి కారణం ఆకాశం. కిటికీ అంచున ఉన్న కుండీకి దాదాపు సగం ఆకాశం ఎదురుగా ఉంటుంది. రెండు మీటర్లు వెనక్కి వస్తే ఒక చిన్న చతురస్రం మాత్రమే మిగులుతుంది. అపార్టుమెంట్లలో ఆ చతురస్రంలో కూడా ముప్పాతిక వంతు పక్క బ్లాకు గోడే ఉంటుంది. కుండీ ఉన్న ఎత్తుకు తల దించి కిటికీలోంచి చూస్తే ఎంత ఆకాశం కనిపిస్తుందో గమనించండి, మొక్క పరిస్థితి చాలావరకు అర్థమవుతుంది. ఫోన్లలో లైట్ మీటర్ యాప్‌లు ఉన్నాయి. అవి చూపించే అంకె కచ్చితంగా ఉండకపోవచ్చు గానీ ఒకే ఫోన్‌తో రెండు చోట్ల కొలిస్తే తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

గంటల లెక్క ఎక్కడ తప్పుతుంది

ఆకు పిండిపదార్థం తయారు చేసుకోవడానికి కాంతి రేణువులు కావాలి. వీటినే ఫోటాన్లంటారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి దానికి పనికొస్తుంది. రోజు మొత్తంలో ఒక చదరపు మీటరు మీద అలాంటి ఫోటాన్లు ఎన్ని పడ్డాయో మోల్ అనే యూనిట్లలో లెక్కేస్తారు. గ్రీన్‌హౌస్ రైతులు దీన్ని రోజువారీ కాంతి మొత్తం అనే అర్థంలో డీఎల్ఐ అంటారు. పేరు బరువుగా ఉన్నా లెక్క తేలికే. సూర్యకాంతికైతే లక్స్‌ను 54తో భాగిస్తే సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో వస్తుంది. దాన్ని సెకన్లతో గుణించి పది లక్షలతో భాగిస్తే మోల్స్.

తూర్పు కిటికీ అంచున ఒక కుండీ ఉందనుకుందాం. ఉదయం మూడు గంటలు ఎండ పడుతుంది, సగటున 30,000 లక్స్. అంటే సెకనుకు సుమారు 555 మైక్రోమోల్స్. మూడు గంటలకు 6 మోల్స్. మిగతా ఎనిమిది గంటలు ఎండ లేని వెలుతురు, 2,000 లక్స్. దాన్నుంచి మరో 1 మోల్. మొత్తం 7.

ఇప్పుడు టీపాయ్ మీది కుండీ. పగలు 12 గంటలూ 200 లక్స్. మొత్తం కలిపితే 0.16 మోల్. అంటే కిటికీ అంచున ఉన్న కుండీకి దీనికంటే 40 రెట్లకు పైగా అందుతోంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, రెంటికీ మధ్య దూరం నాలుగు అడుగులు కావచ్చు. రాత్రి అయిదు గంటలు ట్యూబ్‌లైట్ వెలిగితే టీపాయ్ మీది కుండీకి 0.05 మోల్ కలుస్తుంది, అంతే.

"ఆరు గంటల ఎండ" అనే మాటను కూడా ఇదే లెక్కలో పెట్టి చూడొచ్చు. ఉదయపు ఏటవాలు ఎండ, కిటికీ అద్దం తగ్గించింది పోను 30,000 లక్స్ చొప్పున ఆరు గంటలంటే 12 మోల్స్. మే నెలలో డాబా మీద 90,000 లక్స్ చొప్పున ఆరు గంటలంటే 36 మోల్స్. గంటలు ఒకటే అయినా రెండో చోట మూడు రెట్లు పడింది. సలహాలో చెప్పిన ఆరు గంటలు వీటిలో ఏవో చెప్పినవాళ్లకు మాత్రమే తెలుసు.

మరి మొక్కకు ఎంత కావాలి? స్థూలంగా చూస్తే హవోర్తియా, గాస్టీరియా లాంటివి రోజుకు 3 నుంచి 5 మోల్స్‌తో సుఖంగా ఉంటాయి. ఎచెవేరియా, సెడమ్, చాలా రకాల కాక్టస్‌లు గుబురుగా, రంగుగా ఉండాలంటే 10 దాటాలి. పై ఉదాహరణలోని తూర్పు కిటికీలో హవోర్తియా ఏళ్ల తరబడి ఉంటుంది. అదే కిటికీలో ఎచెవేరియా చావదు, కానీ నెమ్మదిగా సాగుతుంది. "మా ఇంట్లో కిటికీలో బాగానే ఉంది" అనేవాళ్లు, "మా ఇంట్లో పాడైపోయింది" అనేవాళ్లు చాలాసార్లు వేర్వేరు మొక్కల గురించి మాట్లాడుతుంటారు.

దక్షిణం కిటికీ మంచిదన్న మాట మన దగ్గర చెల్లుతుందా

ఇంగ్లీషు పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ దక్షిణం వైపు కిటికీ సక్యులెంట్‌కు అన్నిటికన్నా మంచిదని ఉంటుంది. అక్కడ అది నిజమే. న్యూజెర్సీ 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దిగంతానికి 26 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి ఎండ గది లోపలి దాకా వస్తుంది. అక్కడున్న మన తెలుగువాళ్లు చలికాలంలో కుండీలన్నీ దక్షిణం కిటికీకి చేర్చడంలో అర్థముంది.

హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఏటా మేలోనూ ఆగస్టులోనూ వార్తల్లో వచ్చే జీరో షాడో డే, అంటే సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చి నిలువు వస్తువుకు పక్కన నీడ పడని రోజు, ఈ రాకపోకలకు గుర్తే. తిరుపతిలో ఈ మార్పు ఏప్రిల్ ఆఖరి వారానికే వస్తుంది. ఆ నెలల్లో దక్షిణం కిటికీలోకి మధ్యాహ్నం ఎండ రమ్మన్నా రాదు.

మన కిటికీలకు సన్‌షేడ్ కూడా ఉంటుంది. అది గోడ నుంచి 60 సెంటీమీటర్లు బయటికి ఉందని, కిటికీ దాని కిందనే మొదలై 120 సెంటీమీటర్ల ఎత్తు ఉందని అనుకుందాం. డిసెంబరు 21న హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు. సన్‌షేడ్ నీడ కిటికీ మీద 69 సెంటీమీటర్లు పడుతుంది. కింద మిగిలిన 51 సెంటీమీటర్ల మేర ఎండ వస్తుంది, అంచున పెట్టిన కుండీకి అది చాలు. మార్చి 21కి సూర్యుడు 72 డిగ్రీలు దాటి పైకి వెళ్తాడు. అప్పుడు నీడ 190 సెంటీమీటర్లు. కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. డిసెంబరులో నిగనిగలాడిన మొక్క ఎండలు ముదిరిన ఏప్రిల్‌లో సాగిపోతోందంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. బయట ఎండ పెరిగిన మాట నిజమే, మొక్క దాకా వచ్చేది మాత్రం తగ్గిపోయింది.

ఉత్తరం కిటికీకి ఎండే రాదన్నది కూడా అరువు తెచ్చుకున్న సూత్రమే. జూన్‌లో ఇక్కడ సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీల్లోకి ఏటవాలుగా కాసేపు ఎండ వస్తుంది. ఏడాది పొడవునా నమ్మదగ్గది తూర్పు. అక్కడి ఎండ గాలి చల్లగా ఉన్న వేళ పడుతుంది. పడమరలోనూ వెలుగు దాదాపు అంతే ఉంటుంది గానీ మధ్యాహ్నం మూడింటికి గోడలు, గాలి, కుండీలోని మట్టి అన్నీ కాగి ఉంటాయి.

ఇంకో తికమక మన దగ్గరే పుట్టింది. "మాది ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్, ఎండ బాగా వస్తుంది" అంటారు. వాస్తు లెక్కలో ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పున ఉందని. చాలా అపార్టుమెంట్లలో ఆ గుమ్మం కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. బాల్కనీ, కిటికీలు ఎటున్నాయన్నది వేరే సంగతి, మొక్కకు కావాల్సింది అదే. వీటికి తోడు అద్దం ఉంది. మామూలు అద్దం పదో వంతు వెలుగు ఆపితే నల్లద్దం ఇంకా చాలా ఆపుతుంది. దోమల జాలీ, పలుచటి కర్టెన్ వాటి వాటా అవి తీసుకుంటాయి.

రాత్రి గాలి పీల్చే ఆకులు

సక్యులెంట్లు మిగతా మొక్కల్లా కావని ఊరికే అనరు. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. ఆ రంధ్రాల్లోంచే నీరూ ఆవిరైపోతుంది. ఎడారి మొక్కకు అంత నీళ్లు పోగొట్టుకునే స్తోమత లేదు. అందుకే సక్యులెంట్లలో చాలావరకు రాత్రి రంధ్రాలు తెరిచి, తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా ఆకులో దాచి, పగలు రంధ్రాలు మూసుకుని ఎండ సాయంతో దాన్ని పిండిపదార్థంగా మారుస్తాయి. ఈ పద్ధతికి క్యామ్ (క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం) అని పేరు. ఆ పేరులో ఉన్నది క్రాసులేసీ కుటుంబం. ఎచెవేరియా, జేడ్, మన పెరళ్లలోని రణపాల అన్నీ ఆ కుటుంబానివే.

రణపాలకు ఇందులో ప్రత్యేకమైన స్థానం ఉంది. ఈస్టిండియా కంపెనీ తరఫున సామర్లకోటలో వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బెంజమిన్ హైనే, 1813లో లండన్‌కు రాసిన లేఖలో ఈ ఆకు రుచి గురించి చెప్పాడు. పొద్దున పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి చప్పబడుతుంది, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది అని. రాత్రి చేరిన ఆమ్లం పగలు ఖర్చయిపోవడమే ఆయన నాలుకకు తెలిసింది. ఈ పద్ధతి పరిశోధన చరిత్ర చెప్పేవాళ్లు ఆ లేఖను తప్పకుండా ప్రస్తావిస్తారు.

దీన్నుంచి మన ప్రశ్నకు రెండు సంగతులు తేలతాయి. మొదటిది, ఈ మొక్కలకు చీకటి కూడా కావాలి. ఇరవై నాలుగు గంటలూ లైటు వేసి ఉంచితే మేలు జరగదు. రెండోది మన ఎండాకాలానికి ముఖ్యం. పగలు రంధ్రాలు మూసుకున్న ఆకుకు చెమట పట్టినట్టు నీరు ఆవిరై చల్లబడే దారి లేదు. దళసరి ఆకు ఎండలో గాలి కంటే బాగా ఎక్కువ వేడెక్కుతుంది. మెక్సికో కొండల్లో, సముద్రమట్టానికి చాలా ఎత్తున, చల్లటి గాలిలో పెరిగే ఎచెవేరియా నిండు ఎండను తట్టుకుంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో గాలే 44 డిగ్రీలున్నప్పుడు అదే వెలుగు దాన్ని ఉడికిస్తుంది. "ఎడారి మొక్కే కదా, ఎంత ఎండైనా పర్లేదు" అనే వాదన ఇక్కడే దెబ్బతింటుంది. వెలుగు సరిపోయినా వేడి మితిమీరవచ్చు.

అన్నీ ఎడారివే అనుకుంటే

ఒకే ట్రేలో అమ్మే మొక్కలు ఒకే చోటి నుంచి వచ్చినవి కావు. హవోర్తియా దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. హవోర్తియా కూపరీ ఆకు కొనను దగ్గరగా చూస్తే అక్కడ పచ్చదనం ఉండదు, గాజులా పారదర్శకంగా ఉంటుంది. లోపలి నిలువు గీతలు కూడా కనిపిస్తాయి. ఆ కొన గుండా వెలుగు ఆకు లోపలికి దిగుతుంది. సొంత ఊళ్లో ఈ మొక్క చాలావరకు మట్టిలో కూరుకుని ఉంటుంది కాబట్టి ఆ ఏర్పాటు. అలాంటిదాన్ని డాబా మీద పెడితే ఎర్రబారి ముడుచుకుపోతుంది. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది, నీడను ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. చీకటి మూలన అది ఏడాదికి ఒక కొత్త ఆకు వేస్తే గొప్ప. కలబంద, జేడ్ మధ్యస్తం. అడీనియంను ఇంట్లో పెట్టి పూలు పూయమంటే పూయదు, దానికి డాబాయే సరి.

నర్సరీ నేపథ్యం కూడా లెక్కలోకి వస్తుంది. కడియం వైపు నర్సరీల్లో ఇలాంటి మొక్కలను షేడ్ నెట్ కింద పెంచుతారు. నెట్ సగం వెలుగు ఆపినా మధ్యాహ్నం 50,000 లక్స్ అందుతుంది. అక్కడి నుంచి నేరుగా 200 లక్స్ టీపాయ్ మీదికి వస్తే సాగుతుంది, నేరుగా నిండు ఎండలోకి వెళ్తే మాడుతుంది. ఆకులు తమ రక్షణ పదార్థాలను తయారు చేసుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. రోజుకో గంట చొప్పున ఎండ పెంచమని పాతవాళ్లు చెప్పేది ఇందుకే.

ఎరుపెక్కడం మంచిదా, చెడ్డదా

దీని మీద పెంచేవాళ్లలో రెండు వర్గాలున్నాయి. ఆకుల అంచులు ఎరుపో ఊదారంగో తిరిగితే మొక్క బ్రహ్మాండంగా ఉందని కొందరంటారు. ఆ ఎరుపు ఆంథోసయానిన్ అనే పదార్థానిది. ఎక్కువ వెలుగు, నీటి ఎద్దడి, చలి ఉన్నప్పుడు ఆకు దాన్ని తయారు చేసుకుంటుంది, కాబట్టి అది ఒత్తిడికి గుర్తని రెండో వర్గం అంటుంది. రెండోవారు చెప్పే కారణం సరైనదే. అయితే ఆ ఒత్తిడి వల్ల మొక్కకు నష్టం జరుగుతోందా అన్నదానికి రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. ఆకు బిగువుగా ఉండి, మధ్యలో కొత్త ఆకులు వస్తుంటే టెన్షన్ పడాల్సింది లేదు. ఎర్రబడటంతో పాటు ఆకు ముడతలు పడి, ఎదుగుదల ఆగిపోతే మోతాదు మించిందన్నమాట.

మాడిన మచ్చ వేరుగా ఉంటుంది. ఎండ పడిన వైపునే, మొదట తెల్లగా, తర్వాత గోధుమరంగులో, తాకితే పెళుసుగా. అది మానదు, ఆ ఆకు రాలిపోయేదాకా అలాగే ఉంటుంది. కింది ఆకులు మెత్తబడి, పసుపురంగులో పారదర్శకంగా మారితే చాలామంది ఎండ ఎక్కువైందనుకుని మొక్కను ఇంకా లోపలికి జరుపుతారు. అది సాధారణంగా నీళ్లు ఎక్కువైన లక్షణం. దానికి మూలం మళ్లీ వెలుతురు తగ్గడమే కావచ్చు. వెలుతురు తక్కువైతే మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది, మట్టి ఆరదు, వేరు కుళ్లుతుంది. జులై ముసురులో సక్యులెంట్లు ఎక్కువగా పోయేది ఇలాగే.

గ్రో లైట్ లెక్క

కిటికీ చాలనప్పుడు లైటు వేయడం కొందరికి అతి అనిపిస్తుంది, కొందరికి అదొక్కటే మార్గం. మామూలు 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బు నేరుగా కింద 30 సెంటీమీటర్ల దూరంలో సుమారు 1,500 లక్స్ ఇస్తుంది. 12 గంటలకు ఒక మోల్‌కు కాస్త తక్కువ. దాన్ని 15 సెంటీమీటర్లకు దించితే వెలుగు నాలుగు రెట్లవుతుంది, 60కి ఎత్తితే నాలుగో వంతుకు పడిపోతుంది. సీలింగ్ లైటు మొక్కకు ఎందుకు పనికిరాదో దీన్ని బట్టే తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల దగ్గర ఒక బల్బు హవోర్తియాకు సరిపోతుంది. ఎచెవేరియాకు సెకనుకు 200 మైక్రోమోల్స్ ఇచ్చే గ్రో లైట్ 12 గంటలు ఉంటే 8.6 మోల్స్ వస్తాయి, కిటికీ వెలుతురు తోడైతే 10కి చేరుతుంది. గులాబీరంగు లైటే కావాలన్నది అపోహ, తెల్ల ఎల్ఈడీలో ఆకుకు కావాల్సిన ఎరుపు, నీలం రెండూ ఉంటాయి. పెట్టె మీద "1000 వాట్స్" అని పెద్దక్షరాల్లో ఉన్నా అసలు ఎన్ని వాట్ల కరెంటు లాగుతుందో చిన్నక్షరాల్లో ఉంటుంది, నమ్మాల్సింది ఆ చిన్న అంకెనే. 9 వాట్ల బల్బు రోజుకు 12 గంటల చొప్పున నెలకు మూడు యూనిట్ల పైచిలుకు కాలుస్తుంది.

ఇంతా చేసి వెలుతురు సరిచేసినా అప్పటికే సాగిన కాండం మళ్లీ పొట్టిగా కాదు. పైనుంచి వచ్చే కొత్త ఆకులు మాత్రమే దగ్గరగా వస్తాయి, కింద బోసి కాండం అలాగే ఉంటుంది. అది నచ్చనివాళ్లు తలను కోసి, కోసిన చోటు కొన్ని రోజులు ఆరనిచ్చి మళ్లీ నాటుతారు. మిగిలిన మొండాన్ని కూడా పారేయరు. వెలుతురు చాలినచోట ఉంటే కొన్ని వారాల్లో దాని పక్కల నుంచి పిలకలు వస్తాయి.